తల్లి మిషన్ ఛాయ్‌కి పిలిచిన రోజు

కంప్యూటర్ల కంపెనీలో రిటైరయ్యానని చెప్తే ఈకాలం పిల్లలు నన్ను ఇంజనీరు అనుకుంటారు. కాదు. పటాన్‌చెరు ఇండస్ట్రియల్ ఏరియాలో రేకు వంచే ప్రెస్సు దగ్గర కూలీగా చేరినవాణ్ని. చేరేనాటికి నాకు సంతకం రాదు, బొటనవేలే. నలభై దాటాక, కంపెనీ వెనక వీధిలో సాయంత్రం బడి పెడితే, నా కొడుకు వయసున్న పంతులు దగ్గర పలక పట్టాను. తెలుగు వచ్చాక ఇంగ్లీషు పెద్దక్షరాలు కూడా నేర్పాడు. కాబట్టి ఇందులో తప్పులుంటే ఆ పంతులును అనండి. అతను నేర్పింది నేర్పినట్టే రాస్తున్నాను.

మా కంపెనీ మొదట బీరువాలు చేసేది. తర్వాత కంప్యూటర్ల ఖాళీ పెట్టెలు చేసింది. పెట్టె మనమే చేస్తున్నప్పుడు లోపలి సరుకు కూడా మనమే పెట్టి అమ్మితే ఏం పోయిందని యజమానికి తోచింది. అట్లా రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బీరువాల షెడ్డులోనే ఒక మూలకు అద్దాల గది కట్టి, ఏసీ పెట్టి, గవర్నమెంటు ఆఫీసులకు కంప్యూటర్లు తయారు చేయడం మొదలుపెట్టారు. అక్షరాలు వచ్చిన కూలీ అని నన్ను ప్రెస్సు దగ్గర్నుంచి తీసి ఆ గదిలో వేశారు. మేం దాన్ని నింపుడు గది అనేవాళ్లం.

నింపుడు అంటే ఏమిటో ఒక్కసారి చెప్తాను, మళ్లీ అడగొద్దు. ఒక కంప్యూటర్‌ను అన్ని హంగులతో బాగా తయారు చేసి పెట్టుకుంటాం. అది తల్లి మిషన్. కొత్తగా బిగించిన ఖాళీ మిషన్లను వైర్లతో కలిపి, ఒక్కోదానిలో సీడీ వేసి ఎంటర్ నొక్కితే, తల్లిలో ఉన్నదంతా పిల్లల్లోకి దిగుతుంది. తల్లికి మూతి మీద మచ్చ ఉంటే పిల్లలందరికీ మూతి మీద మచ్చే. ఆ సీడీలో ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరికీ డబ్బు కట్టి కొన్నది కాదు. ఏ దేశాల్లోనో ఎవరెవరో రాసి, కావాల్సినవాళ్లు వాడుకోండి, బాగు చేసుకోండి అని వదిలేసింది. మా మొదటి ఇంజనీరు పిల్లగాడు దాన్ని తెచ్చి, మాకు తగ్గట్టు అక్కడక్కడా మార్చి పెట్టాడు.

ఇక ఛాయ్ సంగతి. షెడ్డులో ప్రెస్సుల మోత, గదిలో ఏసీ మోత. నాలుగింటికి సైరన్ మోగితే షెడ్డు మొత్తం లేచేది, మా అద్దాల గదికి మాత్రం వినపడేది కాదు. మేం పోయేసరికి కెటిల్ అడుగున ఆకు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఛాయ్ పోసే ఆమె మా ఊరిదే, నాకు వరసకు వదినె. ఎందుకు మాకు ఉంచవని అడిగితే, ఏసీల కూసున్నోళ్లకు వేడి ఎందుకని ఎదురడిగేది. చివరికి ఆ ఇంజనీరు పిల్లగాడు ఒక ఉపాయం చేశాడు. వదినెను గదిలోకి పిలిచి, మైకు ముందు నిలబెట్టి, రోజూ షెడ్డులో అరిచే మాటనే అరవమన్నాడు. ఆమె కొంగు నడుముకు చెక్కి, షెడ్డు చివరికి వినపడేంత గొంతుతో అరిచింది.

"ఛాయ్ వచ్చింది, రాండ్రి. చల్లారినంక నన్ను అనొద్దు."

దాన్ని తల్లి మిషన్‌లో పెట్టి, రోజూ నాలుగింటికి మోగేటట్టు చేశాడు. ఆనాటి నుంచి మాకు వేడి ఛాయ్ దొరికింది. కొన్నాళ్లకు ఆ పిల్లగాడు బెంగళూరులో ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. గొంతు మిగిలిపోయింది. రోజూ వింటూ వింటూ అది కంప్యూటర్‌లో ఉందన్న సంగతే మరిచిపోయాం. గోడకు ఫ్యాను ఉన్నట్టు గదికి ఒక గొంతు ఉంది, అంతే.

అతని జాగాలో ఒక ఆడపిల్ల వచ్చింది. సంగారెడ్డిలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పే పని మానుకొని, ఇస్నాపూర్‌లో రూం కిరాయికి తీసుకొని చేరింది. సన్నగా, చేతిలో ఎప్పుడూ స్క్రూ డ్రైవర్‌తో తిరిగేది. నన్ను కాకా అనేది. నేను అందరి ముందు మేడం అని, ఎవరూ లేనప్పుడు బిడ్డా అని పిలిచేవాణ్ని. ఆమెది ఇంకా ప్రొబేషనే.

ఆమె వచ్చిన కొద్ది రోజులకే కొత్త రకం బోర్డులు, కొత్త రకం డిస్కులు దిగాయి. పాత డిస్కుకు వెడల్పాటి రిబ్బన్ లాంటి వైరు ఉండేది. కొత్తదానికి సన్నటి ఎర్ర వైరు. చూడ్డానికి ముచ్చటగా ఉన్నాయి. బిగించి, సీడీ వేసి, ఎంటర్ నొక్కితే స్క్రీన్ మీద ఒక్కటే మాట. డిస్కు లేదు. ఇంకో మిషన్‌లో వేశాం. డిస్కు లేదు. నేను పెట్టె మూత తీసి, డిస్కును చేత్తో తట్టి చూశాను. నా చేతికి తగులుతుంది, సాఫ్ట్‌వేర్‌కు కనపడదు. మేనేజర్ వచ్చి డిస్కులు నకిలీవేమోనని సప్లయర్‌కు ఫోన్ చేసి తిట్టాడు. సప్లయర్ తిరిగి తిట్టాడు. ఆ పిల్ల కాసేపు స్క్రీన్ చూసి, కుర్చీలో వెనక్కి వాలింది.

"కాకా, ఈ సీడీ చేసిన నాడు ఈ డిస్కులు పుట్టనే లేదు. దీనికి వీటి మొఖం తెల్వది."

ఆ మాట నాకు వెంటనే అర్థమైంది, ఎందుకంటే ఆ నెలలోనే మా గేటు దగ్గర అదే జరిగింది. కొత్త డైరెక్టర్ మొదటిసారి కారులో వస్తే, మా ముసలి వాచ్‌మన్ గేటు తీయలేదు. నేను డైరెక్టర్‌ను అని ఆయన అంటే, ఇక్కడ డైరెక్టర్ ఉన్నడు, ఆయన లావుగ ఉంటడు అని జవాబిచ్చాడు. లోపలినుంచి మేనేజర్ పరుగెత్తుకొచ్చేదాకా కంపెనీ ఓనర్లలో ఒకాయన హైవే పక్కన లారీల దుమ్ము తింటూ నిలబడ్డాడు. మా సీడీ కూడా వాచ్‌మన్ లాంటిదే. పనిలో లోపం లేదు, మనిషి తెలియదు.

ఈలోగా టై కట్టుకున్న ఒక సేల్స్‌మన్ దిగాడు. డబ్బు కట్టి కొనే నింపుడు సాఫ్ట్‌వేర్ ఆయన దగ్గర ఉంది, కొత్త డిస్కులను గుర్తుపడుతుందట. మేనేజర్‌కు అది నచ్చింది. ఆయన గుంటూరు వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు, మెత్తగానే ఉద్యోగం తీసేస్తాడు. మా గదిలోనే, మా అందరి ముందే ఆ పిల్లను అడిగాడు.

"ఊరికే వచ్చేదాన్ని నమ్ముకుని గవర్నమెంటు ఆర్డరు చేస్తామా అమ్మాయ్? రేపేదన్నా అయితే ఎవరి కాలర్ పట్టుకోవాలి?"

"నా కాలర్ పట్టుకోండి సార్," అంది ఆమె.

ఆమె వేసుకున్న చుడీదార్‌కు కాలర్ లేదు. అయినా మేనేజర్ ఆ మాటను గట్టిగానే పట్టుకున్నాడు. గవర్నమెంటు వాళ్ల ఇన్‌స్పెక్షన్ ముందుంది. అప్పటికల్లా ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌నే కొత్త డిస్కులకు పనికొచ్చేటట్టు చేసి, లాట్, అంటే ఆ ఆర్డరు సరుకు మొత్తం, పాస్ చేయిస్తే ఆమె పర్మనెంట్. లాట్ వెనక్కి వస్తే సేల్స్‌మన్ సాఫ్ట్‌వేర్ లోపలికి వస్తుంది, ఆమె బయటికి పోతుంది. మాకు అర్థం కాలేదేమోనని రెండుసార్లు చెప్పాడు.

ఇన్‌స్పెక్షన్‌కు వచ్చే ఆఫీసర్ గురించి కూడా అప్పుడే చెప్పాడు. ఆయనకు ఒకటే పట్టింపట. లాట్‌లో ఏ రెండు మిషన్లు తీసినా అన్నీ ఒక్కలాగే ఉండాలి. ఏదో ఒక మిషన్‌లో తెలుగు అక్షరాలు లేవని, బొల్లారం వైపు ఒక కంపెనీ లాట్ మొత్తాన్ని లారీలు ఎక్కించి తిప్పి పంపాడట.

మర్నాటి నుంచి ఆ పిల్ల యుద్ధం మొదలైంది. సాఫ్ట్‌వేర్ గుండెకాయ లాంటి భాగం కొత్తది ఇంటర్నెట్‌లో ఉంది, దాన్ని దింపుకోవాలి. మాకున్నది టెలిఫోన్ లైను మీద నడిచే ఇంటర్నెట్. అదే లైను డిస్పాచ్‌లో ఒకచోట, గేటు దగ్గర ఒకచోట ఉంది. ఎవరు ఫోనెత్తినా మా దింపుడు తెగిపోయేది, మళ్లీ మొదటి నుంచి. డిస్పాచ్ ఫోను దగ్గర నేను కుర్చీ వేసుకొని కూర్చున్నాను. లారీలకు ఫోన్ చేయాలని డిస్పాచ్ క్లర్కు వస్తే, నడిచి పోయి మాట్లాడి రమ్మన్నాను. నన్ను చానా మాటలన్నాడు. పడ్డాను. అయినా తెగుతూనే ఉంది. చూస్తే గేటు దగ్గర మా వాచ్‌మన్. ఫోను బతికుందా లేదా అని గంటకోసారి ఎత్తి చెవికి పెట్టుకొని చూడటం ఆయన అలవాటు. ఎత్తినప్పుడల్లా మోడెమ్ కీచుమని అరిస్తే, లోపల ఎవరో ఏడుస్తున్నారని మేనేజర్‌కు రిపోర్టు కూడా ఇచ్చాడట. చివరికి గేటు ఫోను వైరే ఊడబెరికి, రిపేరులో ఉందని చెప్పాం. ఆయన పోయిన ప్రాణాన్ని చూసినట్టు దాన్ని చూశాడు.

దిగింది. కానీ అంతటితో అయిపోలేదు. డిస్కు దొరికింది, ఇప్పుడు నెట్‌వర్కు దొరకదు. అదీ బోర్డు మీద కొత్త రకం. ఆ పిల్ల రెండు రోజులు తల పట్టుకొని, చివరికి ఆ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఏదో దేశం మనిషికి ఇంగ్లీషులో ఉత్తరం రాసింది, ఇంటర్నెట్‌లోనే. తెల్లారేసరికి జవాబొచ్చింది. ఏది ఎక్కడ మార్చాలో రాసి, మార్చిన ముక్క కూడా పంపాడు.

"ఆయనకు జీతం ఎవరిస్తరు?" అని అడిగాను.

"ఎవరియ్యరు కాకా."

"మరి మనకెందుకు చెప్పిండు?"

"ఆయనకు గూడ ఎవరో చెప్పిన్రు గదా."

మా దగ్గర పక్క షెడ్డు వాణ్ని రెంచీ అడిగితే మేనేజర్ సంతకం తెమ్మంటాడు.

నెట్‌వర్కు కూడా దొరికాక, సీడీ పనిచేయడం మొదలుపెట్టింది. నేను బతికిపోయామనుకున్నాను. ఆమె మాత్రం అక్కడ ఆగలేదు. పాత పిల్లగాడు వెళ్లినప్పుడు ఏం జరిగిందో ఆమెకు తెలుసు. సగం పని సీడీలో, సగం అతని వేళ్లల్లో ఉండేది. ఏదన్నా ఆగితే ఏం టైపు చేయాలో అతనికే తెలుసు, ఆ వేళ్లు బెంగళూరు పోయాయి. అందుకని అన్ని ముక్కల్నీ ఒక్క కట్టగా కట్టి, ఎవరు ఏ మిషన్‌లో వేసుకున్నా తనంతట తాను కుదురుకునేటట్టు చేయాలని కూర్చుంది. నీ అవసరమే లేకుండా నువ్వే చేసుకుంటున్నావేంది, ఇంకా పర్మనెంట్ కూడా కాలేదు కదా అని నేను మందలించాను. రేపు నేను సెలవు పెడితే మీరు ఇస్నాపూర్ వచ్చి నా రూం తలుపు కొట్టొద్దు కాకా, అందుకే అని బదులిచ్చింది.

ఆ కట్టను పరీక్ష చేయడానికి నన్నే ఎంచుకుంది. అక్షరం అక్షరం కూడబలుక్కొని చదివేవాడు నేనొక్కణ్నే కాబట్టి, నేను ఆగిన చోటల్లా ఆమె మార్చేది. చివరికి ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు మాటలు పెట్టేసింది. డిస్కు దొరికింది, ఎంటర్ నొక్కు. నింపుతున్న, ఆగు. అయిపోయింది, వైరు పీకు. మేనేజర్ చూసి ఇదేం భాషమ్మా అన్నాడు. మా గదిలో అది అందరికీ వచ్చిన భాష. మాతో పనిచేసే బీహార్ పిల్లలు కూడా వారంలో నేర్చుకున్నారు.

కట్ట కట్టే ముందు ఇల్లు దులిపినట్టు పాత సాఫ్ట్‌వేర్‌ను దులిపింది. పాత పిల్లగాడు అక్కడక్కడా ఇరికించిన లైన్లు చాలా ఉన్నాయి. ఎందుకు పెట్టాడో ఎక్కడా రాయలేదు. ఇది పాత రకం ఫ్లాపీ కోసం, ఇప్పుడు అక్కర్లేదు, తీసెయ్. ఇది పాత బోర్డు కోసం, తీసెయ్. ఒక లైను మాత్రం ఆమెకు అంతుపట్టలేదు. నింపడం అయిపోయాక, పిల్ల మిషన్‌లో ఏదో ఒక చిన్న ఫైలును వెతికి చెరిపేయమని ఉంది దానిలో. ఫైలు పేరు రెండక్షరాలు, అర్థం లేనివి. పాత టెస్టింగుది ఏదో అయి ఉంటుందని దాన్నీ తీసేసింది. నేను పక్కనే ఉన్నాను. ఊడ్చే చీపురును ఎవరాపుతారు?

నింపుడు జోరుగా సాగింది. నింపినవి నింపినట్టు కార్టన్లలో పెట్టి సీలు వేశాం. ఇక్కడ ఒక్క సంగతి చెప్పాలి. స్పీకర్లు విడిగా డబ్బాల్లో వచ్చేవి, స్టోర్ వాళ్లు వాటిని మాకు విప్పనిచ్చేవాళ్లు కాదు. మా గదిలో తల్లి మిషన్‌కు ఒక్కదానికే స్పీకర్లుండేవి. మిగతావన్నీ నోరు లేని పిల్లలు.

ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చింది. మేనేజర్ పొద్దున్నే గేటుకు గుమ్మడికాయ కట్టించి, షెడ్డు కడిగించి, ప్రెస్సులు ఆపించాడు. ఆఫీసర్ ముందు మనుషులు గ్లాసులు పట్టుకొని తిరుగుతుంటే బాగుండదని, ఆ రోజు నాలుగింటి సైరన్ బంద్, ఛాయ్ కూడా బంద్ అన్నాడు. ఆఫీసర్ పోయేదాకా కెటిల్‌తో గేటు దగ్గరే కూర్చోవాలని వదినెకు కబురు పెట్టాడు. కబురు మోసింది నేనే.

"ఆ సారు ఛాయ్ తాగడా? ఆయనకు నోరు లేదా?" అంది వదినె.

ఉంది కానీ జీడిపప్పు తింటడని చెప్పాను. ఆమె కెటిల్ మీద గుడ్డ కప్పి, వాచ్‌మన్ పక్కన బెంచీ మీద కూర్చొని, మేనేజర్ వంశం మొత్తాన్ని పేరు పేరునా తలుచుకుంది.

పొద్దున వస్తానన్న ఆఫీసర్ సంగారెడ్డిలో ఏదో మీటింగు చూసుకొని, అన్నం తిని, మూడు దాటాక దిగాడు. మాటలు తక్కువ మనిషి. కార్టన్ల గుట్ట చుట్టూ తిరిగి, పెన్నుతో కొట్టి ఇది, ఇది, అది అని ఎంచాడు. గుట్ట కింద ఉన్నవాటినే ఎంచాడు. వాటిని విప్పి, బెంచీల మీద వరసగా పెట్టి, కీబోర్డు, మౌసు, స్పీకర్లు అన్నీ కలిపి ఆన్ చేయమన్నాడు. స్టోర్ వాళ్లు మొదటిసారి నోరు మూసుకొని స్పీకర్ల డబ్బాలు విప్పారు.

ఒక్కో మిషన్ ముందు కూర్చొని తెలుగులో తన పేరు కొట్టి చూశాడు. ప్రింటరు పెట్టి చూశాడు. ఆ పిల్ల ఆయన వెనకే నడుస్తూ అడిగినదానికి జవాబు చెప్తోంది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, చేతిలో స్క్రూ డ్రైవర్ మాత్రం ఉంది. మిషన్ తర్వాత మిషన్ బాగానే ఉన్నాయి. మేనేజర్ మొహంలో రంగు వచ్చింది. జీడిపప్పు ప్లేటు పట్టుకురమ్మని సైగ చేశాడు. నేను కూడా ఆ పిల్ల వైపు చూసి తలూపాను. సరిగ్గా అప్పుడు నాలుగైంది.

చివరి బెంచీ మీది మిషన్ ముందు అంది. "ఛాయ్ వచ్చింది, రాండ్రి. చల్లారినంక నన్ను అనొద్దు."

అందరం అటు తిరిగేలోపు దాని పక్కది అంది. ఒక్కోదాని గడియారం ఒక్కో తీరు కదా, రేకు మీద వాన మొదలైనట్టు ఇక్కడొకటి, అక్కడొకటి, తర్వాత అన్నీ కలిసి ఒకటే రాండ్రి, రాండ్రి. షెడ్డు నిండా మా వదినె. ఆఫీసర్ కూర్చున్న మిషన్ అన్నిటికంటే వెనక పడింది. మిగతావన్నీ ఊరుకున్నాక, ఆయన మొహంలోకి చూస్తూ అన్నట్టు, తీరిగ్గా అంది. చల్లారినంక నన్ను అనొద్దు.

ఆ తర్వాత జరిగిందే ఘోరం. ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? గోడ వెంట చేతులు కట్టుకొని నిలబడిన మా వాళ్లంతా ఆ గొంతు వినగానే ఒక్కపెట్టున కదిలి బయటికి నడిచారు. ప్రింటరు కాగితాలు పట్టుకొని ఆఫీసర్ పక్కనే నిలబడ్డ బీహార్ పిల్లగాడు, ఆ కాగితాలు ఆయన ఒళ్లో పెట్టి మరీ పోయాడు. బయట ఛాయ్ లేదని గుర్తొచ్చాక ఒక్కొక్కరే తలలు వంచుకొని తిరిగొచ్చారు. వాళ్ల వెనకే, కెటిల్ పట్టుకొని, వదినె.

"వద్దంటిరి, గేటు కాడ కూసుండవెడ్తిరి. ఇప్పుడు ఇంతమందితోని పిలిపిస్తిరి. ఒక్కలు పిలిస్తే రానా నేను?"

ఆమె బెంచీల మీద వరసగా ఉన్న కంప్యూటర్లను ఒకసారి పారజూసి, నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది.

"మరిదీ, వీటికి గూడ పొయ్యాల్నా?"

నేను ఆ పిల్ల మొహం చూశాను. తీసేసిన ఆ లైను ఏమిటో, ఆ రెండక్షరాల ఫైలు ఏమిటో ఆమెకు ఆ క్షణంలో తెలిసిపోయింది. పాత పిల్లగాడు తల్లిలో గొంతు పెట్టాడు, అది పిల్లలకు పోకుండా ఆ లైనూ పెట్టాడు. ఆ లైనును ఆమె ఊడ్చేసింది.

మేనేజర్ అప్పటికే మొదలుపెట్టాడు. వైరస్ సార్, బయట నుంచి వచ్చిన వైరస్, ఈ ఉచిత సాఫ్ట్‌వేర్లతో ఇదే ఇబ్బంది, మేము ఆల్రెడీ డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ మాట్లాడుతున్నాము. అంటే లాట్ పోయింది, దాంతోపాటే ఆమె కూడా పోయిందని మాకందరికీ అర్థమైంది. వైరస్ అని తలూపి ఊరుకుంటే ఆమెకు కనీసం తప్పు తప్పేది. ఆమె ఊరుకోలేదు.

"వైరస్ కాదు సార్. అది మా తల్లి మిషన్‌ల ఉన్న ఛాయ్ పిలుపు. దాన్ని చెరిపే లైను ఒకటుండె, అక్కర్లేదనుకొని నేనే తీసేసిన. అందుకని అన్నిట్లకు పోయింది."

మేనేజర్ కళ్లు మూసుకున్నాడు. ఆఫీసర్ తన ఒళ్లోని కాగితాలు తీసి బెంచీ మీద పెట్టాడు.

"అన్నిట్లకు పోయిందా? పక్కానా?"

"అన్నిట్లకు సార్."

ఆయన లేచి కార్టన్ల గుట్ట దగ్గరికి పోయి, అన్నిటికంటే అడుగునున్న పెట్టెను చూపించాడు. నలుగురం కలిసి లాగాం. ఆన్ చేసి, గడియారాన్ని నాలుగుకు ఒక్క నిమిషం తక్కువకు తిప్పమన్నాడు. అంతా నిలబడి ఎదురుచూశాం. ఛాయ్ వచ్చింది, రాండ్రి. ఇంకోటి తీయమన్నాడు. రాండ్రి. గోడ మూలకున్నది తీయమన్నాడు. అదీ అంది. వదినె కెటిల్ చంకన పెట్టుకొని ప్రతి మిషన్ దగ్గరా తన గొంతు తానే వింటూ, కొంగు సర్దుకుంటూ నిలబడింది. మొదట సిగ్గుపడింది. తర్వాత తర్వాత, ఇది జెర మెల్లగ అన్నది, ఇందాకటిదే మంచిగున్నదని తీర్పులు కూడా చెప్పింది.

ఆఫీసర్ మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

"నేను మస్తు కంపెనీలు తిరిగిన. ఏ లాట్ చూసినా ఒక దాంట్ల ఉన్నది ఇంకో దాంట్ల ఉండది. ఏదో ఒకటి తక్కువనే ఉంటది. మీ దగ్గర ఛాయ్ గూడ తక్కువ కాలే."

నవ్వాడా లేదా నేను చెప్పలేను, మీసం కదిలింది. ఆ గొంతును అన్ని మిషన్లలోంచీ తీసేసి చూపించాకే సరుకు గేటు దాటాలని షరతు పెట్టి, లాట్ పాస్ అని సంతకం చేశాడు. తర్వాత చెయ్యి చాపి, ఏదమ్మా ఛాయ్ అన్నాడు. వదినె గ్లాసు నిండా పోసింది. ఆయన ఒక గుక్క తాగి, మొహం చిట్లించి, చల్లారింది అన్నాడు.

"నన్ను అనొద్దని ముందుగాల్నే చెప్పిన గద సారూ," అంది వదినె. "అన్నిసార్లు."

అప్పుడు మాత్రం ఆయన నవ్వాడు. నేను సాక్షిని. మేనేజర్ ఒక్కడే నవ్వలేదు. ఆయన ఇంకా వైరస్ దగ్గరే ఉన్నాడు.

సీలు వేసిన కార్టన్లన్నీ మళ్లీ విప్పాం. అందరం తిట్టుకుంటూ విప్పాం, కానీ ఆ పిల్లను ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆమె బెంగళూరుకు ఫోన్ చేసి పాత పిల్లగాణ్ని అడిగితే, అతను అవతల పడీ పడీ నవ్వాడట. రాసి పెట్టడం మరిచిపోయా అన్నాడట. ఆమె ఆ లైనును మళ్లీ దాని జాగాలో పెట్టింది. ఈసారి దాని పైన ఎందుకుందో కూడా రాసింది. ఇది తీయొద్దు, తీస్తే మా ఛాయ్ పిలుపు ఊరూరికీ పోతుంది అని. నాతో చదివించి, అర్థమవుతుందా కాకా అని అడిగింది. అవుతుందన్నాను.

పర్మనెంట్ ఆర్డరు వచ్చిన రోజు మాకు ఉస్మానియా బిస్కెట్లు పంచింది. మేనేజర్ మెత్తగా అభినందించాడు. సేల్స్‌మన్ మళ్లీ రాలేదు.

ఇక్కడితో అయిపోయేదే. కానీ ఆమె తాను కట్టిన కట్టను మా దగ్గరే దాచుకోలేదు. ఊరికే తీసుకున్నదాన్ని బాగు చేసి ఊరికే ఇవ్వాలన్నది ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల రివాజట. కొత్త డిస్కుల పని, కొత్త నెట్‌వర్కు పని, అంతా కట్టగానే ఆ దూరదేశం మనిషికి పంపింది. కొన్నాళ్లకు ఆయన దగ్గర్నుంచి ఉత్తరం. అంతా బాగుంది, చాలామందికి పనికొస్తుంది, కానీ మధ్యలో ఈ ఛాయ్ లైను ఏమిటి అని అడిగాడు. పంపేటప్పుడు తీయడం ఈమె మరిచిపోయింది. సిగ్గుపడుతూ జరిగిందంతా రాసి, మీరు తీసేయండి అని చెప్పింది. ఆయన జవాబును మాకు తెలుగులో చదివి వినిపించింది.

నాకు ఈ లైనుతో పని లేదు, కానీ తీసేసి ఏమవుతుందో చూసే ధైర్యం కూడా లేదు, ఉండనివ్వండి అన్నాడు.

ఉందట. నేను రిటైరయ్యేనాటికి కూడా ఉందని ఆ పిల్ల చెప్పింది, అప్పటికి ఆమె మా సెక్షన్‌కు పెద్ద. అంటే మేం పేరు కూడా వినని ఏదో ఊళ్లో ఎవరో కొత్త మిషన్‌లో సీడీ వేసి నింపుతుంటే, పనంతా అయ్యాక అది ఒక్క క్షణం ఆగి, ఇందులో మా వదినె గొంతు ఉందా అని వెతుకుతుంది. లేదని చూసుకొని అప్పుడు అయిపోయింది అంటుంది. కొత్తగా పనిలో చేరి, పాతవాళ్ల చెత్తంతా ఊడ్చేద్దామని చీపురు పట్టుకునే పిల్లలకు ఇది చెప్పాలనిపించి రాశాను. ఊడ్వండి. కానీ ఎవరన్నా బతికుంటే ఒక ఫోన్ చేసి ఊడ్వండి.

ఈ సంగతి వదినెకు నేనే చెప్పాను. దేశదేశాల్లో నిన్ను వెతుకుతున్నారు అన్నాను. ఆమె గ్లాసులు కడుగుతూ తల కూడా ఎత్తలేదు.

"దొరకలేదని చెప్పుమను మరిదీ. గంత దూరం కెటిల్ నేను మొయ్య."